మయోసైటిస్ ప్రొఫైల్‌లో టిఫ్-1 గామా పాజిటివ్, ఏఎన్ఏ నెగెటివ్: ఈ రిపోర్టును ఎలా చదవాలి, తర్వాత ఏం చేయాలి

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు ఇదీ సంగతి. మీ అమ్మగారికి 54 ఏళ్ళు. కొన్ని నెలలుగా కింద కూర్చుంటే దేన్నయినా పట్టుకోకుండా లేవలేకపోతున్నారు, జడ వేసుకుంటుంటే చేతులు మధ్యలోనే దిగిపోతున్నాయి, కనురెప్పల మీదా వేళ్ళ కణుపుల మీదా మచ్చలు వచ్చాయి. సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 3,200 ఉంది. ఏఎన్ఏ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బుల కోసం చేసే రక్తపరీక్ష) నెగెటివ్. మయోసైటిస్ అంటే కండరాల మీద పడే ఆటోఇమ్యూన్ జబ్బు, దానికి సంబంధించిన యాంటీబాడీలన్నీ ఒకేసారి చూసే మయోసైటిస్ ప్రొఫైల్‌లో టిఫ్-1 గామా మూడు ప్లస్‌లు, రో-52 రెండు ప్లస్‌లు, జో-1 ఒక ప్లస్ వచ్చాయి. నెట్‌లో వెతికితే టిఫ్-1 గామా అంటే క్యాన్సర్ అనీ, జో-1 అంటే ఊపిరితిత్తులు పాడవుతాయనీ కనిపించింది. ఇంకెవరో ఏఎన్ఏ నెగెటివ్ అయితే అసలు ఆటోఇమ్యూన్ జబ్బే కాదన్నారు. దాంతో ఇంట్లో అందరికీ టెన్షన్.

నేను రుమటాలజీ డాక్టర్‌ని, ఈ కండరాల జబ్బులవాళ్ళనే ఎక్కువగా చూస్తాను. అమ్మగారిని చూడకుండా మందులు చెప్పను, కానీ రిపోర్టు గురించి మాత్రం సూటిగా చెప్పగలను. అమ్మగారి చర్మం, కండరాలు, టిఫ్-1 గామా మూడూ ఒకే జబ్బు వైపు, డెర్మటోమయోసైటిస్ (చర్మం మీద మచ్చలతో వచ్చే మయోసైటిస్) వైపు చూపిస్తున్నాయి. ఆ ఒక ప్లస్ జో-1 నిజం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. టిఫ్-1 గామా వచ్చిందంటే క్యాన్సర్ ఉందని కాదు, ఉందేమోనని ఇప్పుడే, ఒక పద్ధతి ప్రకారం వెతకాలని.

అసలు ఈ యాంటీబాడీలు ఏంటో కొంచెం చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. బయటి క్రిములను పట్టుకోవాల్సిన యాంటీబాడీలు మన సొంత కణాల్లోని ప్రొటీన్లను పట్టుకునేలా తయారైతే వాటిని ఆటోయాంటీబాడీలు అంటాం. లూపస్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బులో ఒకే మనిషిలో ఇవి నాలుగైదు రకాలు కలిసి కనిపించడం మామూలే. మయోసైటిస్‌లో అలా కాదు. ఈ జబ్బుకే ప్రత్యేకమైనవి (జో-1, ఎంఐ-2, టిఫ్-1 గామా, ఎన్ఎక్స్‌పీ-2, ఎండీఏ-5, ఎస్ఆర్‌పీ లాంటివి) సాధారణంగా ఒక మనిషిలో ఒక్కటే ఉంటుంది, ఆ ఒక్కటి ఏదో తెలిస్తే ఆ మనిషి జబ్బు ఏ దారిలో వెళ్ళే అవకాశం ఉందో చాలావరకు తెలుస్తుంది. 1975లో బోహన్, పీటర్ అనే ఇద్దరు రాసిన ప్రమాణాలతో చాలా ఏళ్ళు ఈ జబ్బును పాలీమయోసైటిస్ (మచ్చలు లేనిది), డెర్మటోమయోసైటిస్ అని ముఖ్యంగా రెండు గంపల్లో వేసి చూశాం. ఇప్పుడు డెర్మటోమయోసైటిస్ అని రాసి ఉన్న ఇద్దరిలో ఒకరికి ప్రమాదం ఊపిరితిత్తుల్లో ఉండొచ్చు, ఇంకొకరికి ఎక్కడో దాగిన గడ్డలో ఉండొచ్చు, అది ముందే చెప్పేది ఈ యాంటీబాడీయే. 2022 అక్టోబరులో సమంత తన జబ్బు గురించి చెప్పాక మయోసైటిస్ అనే మాట మన ఇళ్ళలో అందరికీ తెలిసింది, మంచిదే, కానీ అప్పటినుంచి "ఆవిడకు వచ్చిందే కదా, ఆవిడకు ఇచ్చిన మందులే ఇవ్వండి" అని అడిగేవాళ్ళు చాలామంది. పేరు ఒకటే అయినా లోపలి జబ్బు ఒకటి కాదు. పక్కింటివాళ్ళ మందుల చీటీతో పోల్చుకోకండి.

ఇక మీ రిపోర్టులో ప్లస్‌ల సంగతి. మన దగ్గర ల్యాబులు ఎక్కువగా చేసేది లైన్ బ్లాట్ అనే పరీక్ష. ఒక సన్నటి పట్టీ మీద పది పదహారు ప్రొటీన్లను వరసగా గీతల్లా అంటించి ఉంచుతారు, దాని మీద మన సీరం పోసి ఏ గీత రంగు తేలిందో, ఎంత ముదురుగా తేలిందో చూస్తారు. ఒక్కసారి రక్తం తీస్తే అన్నీ తెలుస్తాయి, అది దీని బలం. బలహీనత ఏంటంటే, అన్ని గీతలు ఒకేసారి చూస్తున్నప్పుడు ఏదో ఒకటి లేతగా తేలడం తరచూ జరుగుతుంది, జబ్బు లేనివాళ్ళలో కూడా. ఒక్క ప్లస్ అంటే ఆ లేత గీతే. మూడు ప్లస్‌లు, అదీ ఆ యాంటీబాడీకి సరిపోయే మచ్చలు ఒంటి మీద ఉన్న మనిషిలో, అది వేరే మాట. పైగా ఇవి ఒకే మనిషిలో రెండు ఉండటం అరుదు అని చెప్పాను కదా, అందుకే బలమైన టిఫ్-1 గామా పక్కన లేత జో-1 కనిపిస్తే నేను ముందు జో-1నే అనుమానిస్తాను. తేల్చుకోవాలంటే జో-1 ఒక్కదాన్నే ఎలైసా అనే ఇంకో ల్యాబ్ పద్ధతిలో విడిగా చేయించొచ్చు. ఒళ్ళు నొప్పులకి ప్యాకేజీలో భాగంగా ఈ ప్రొఫైల్ చేయించుకుని ఒక ప్లస్ చూసి భయపడేవాళ్ళు కూడా వస్తుంటారు. బలహీనత లేదు, మచ్చలు లేవు, సీపీకే నార్మల్, దగ్గూ ఆయాసం లేవు అంటే ఆ ఒక్క ప్లస్‌కి చాలాసార్లు అర్థమే ఉండదు. అసలు ఆ పరీక్ష చేయించాల్సిన పనే లేదు.

ఏఎన్ఏ నెగెటివ్ గురించి మిమ్మల్ని ఎవరు కంగారు పెట్టారో గానీ, ఆ మాట తప్పు. ఏఎన్ఏ పరీక్ష ముఖ్యంగా కణం మధ్యలోని కేంద్రకానికి వ్యతిరేకంగా ఉన్న యాంటీబాడీలను చూస్తుంది. జో-1 పట్టుకునేది హిస్టిడిల్ టీఆర్ఎన్ఏ సింథటేజ్ అనే ఎంజైమ్‌ని, అది కేంద్రకం బయట సైటోప్లాజంలో ఉంటుంది. ఎస్ఆర్‌పీ, ఎండీఏ-5 కూడా అంతే. అందుకని మయోసైటిస్ గట్టిగా ఉన్నవాళ్ళలో కూడా ఏఎన్ఏ నెగెటివ్ అని రిపోర్టు రావచ్చు. అయితే టిఫ్-1 గామా కేంద్రకంలోని ప్రొటీన్, కాబట్టి దీంట్లో ఏఎన్ఏ సాధారణంగా సన్న చుక్కల ప్యాటర్న్‌తో పాజిటివ్ రావాలి. అందుకే ల్యాబ్‌కి ఫోన్ చేసి ఒక్క విషయం కనుక్కోండి, ఏఎన్ఏ చేసింది ఎలైసా పద్ధతిలోనా, ఇమ్యునోఫ్లోరసెన్స్ (కణాల మీద సీరం పోసి మైక్రోస్కోప్‌లో చూసే) పద్ధతిలోనా అని. ఎలైసా అయితే ఆ నెగెటివ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, ఆ కిట్‌లో ఈ ప్రొటీన్ ఉండకపోవచ్చు. ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో కూడా నెగెటివ్ అయితే టిఫ్-1 గామాను ఇంకో పద్ధతిలో సరిచూసుకోవడం మంచిదే, కానీ అది వచ్చేదాకా మిగతా పరీక్షలు ఆపకూడదు, ఎందుకంటే అమ్మగారి వయసు, మచ్చలు, బలహీనత చాలు ఆ పరీక్షలు మొదలుపెట్టడానికి.

ఇప్పుడు మీరు భయపడుతున్న చోటికి వస్తాను. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా 40 దాటాక వచ్చే డెర్మటోమయోసైటిస్‌లో టిఫ్-1 గామా ఉంటే క్యాన్సర్ దొరికే అవకాశం మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ. ఇది నిజం, దాచను. ఎందుకు అంటే, చాలావరకు బలపడుతున్న ఆలోచన ఇది: గడ్డలోని కణాల్లో ఆ ప్రొటీన్ మారిపోతుంది, రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తించి దాడి చేస్తుంది, అదే దాడి చర్మం మీదా, కోలుకుంటున్న కండరం మీదా పడుతుంది. అంటే కొందరిలో మచ్చలూ బలహీనతా గడ్డ కంటే ముందే బయటపడతాయి. దీంట్లో మనకు పనికొచ్చే విషయం కూడా ఉంది. వెతికితే చిన్నగా ఉన్నప్పుడే దొరకొచ్చు. టిఫ్-1 గామా ఉన్నా ఎన్నేళ్ళు చూసినా ఏ క్యాన్సరూ రానివాళ్ళు నా దగ్గర ఫాలోఅప్‌లో ఉన్నారు. ఈ ప్రమాదం ఎక్కువగా ఉండేది జబ్బు మొదలైన మూడేళ్ళ లోపు, అందులోనూ మొదటి ఏడాది. ఇదే టిఫ్-1 గామా పిల్లల్లో వస్తే క్యాన్సర్‌తో సంబంధం లేదు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ భయం పెట్టుకోవద్దు.

వెతకడం ఎలా? 2023లో అంతర్జాతీయ మయోసైటిస్ నిపుణుల బృందం ఒకటి దీనికి స్పష్టమైన పద్ధతి ఇచ్చింది. డెర్మటోమయోసైటిస్ కావడం, టిఫ్-1 గామా లేదా ఎన్ఎక్స్‌పీ-2 ఉండటం, 40 దాటాక మొదలవడం, మింగడం బాగా కష్టమవడం, మందులు వాడుతున్నా జబ్బు తగ్గకపోవడం, చర్మం కుళ్ళి పుండ్లు పడటం, వీటిలో రెండు ఉంటే ప్రమాదం ఎక్కువ ఉన్నట్టు లెక్క. అమ్మగారికి ఇప్పటికే మూడు ఉన్నాయి. కాబట్టి మామూలు రక్త, మూత్ర పరీక్షలు, ఎక్స్‌రేతో సరిపెట్టకుండా మెడ, ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీ, మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారం పరీక్ష, అండాశయాల కోసం స్కాన్, సీఏ-125 అనే రక్తపరీక్ష, మలంలో రక్తం పరీక్ష చేయించాలి. అండాశయ క్యాన్సర్‌కి ఈ జబ్బుతో సంబంధం గట్టిగా ఉంది, అందుకే "పొట్ట స్కాన్ అయింది కదా" అని దాన్ని వదిలేయొద్దు. పొగాకు, గుట్కా, అడ్డపొగ (చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని తాగడం) అలవాటు ఉంటే నోరు తెరిపించి వెలుతురులో చూడమని అడగండి, దానికి పైసా ఖర్చు లేదు. వీటిలో ఏమీ దొరక్కపోతే పెట్ సీటీ, ఎండోస్కోపీల గురించి డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఆ తర్వాత మూడేళ్ళపాటు ఏడాదికోసారి ప్రాథమిక పరీక్షలు. ఇంకో మాట, చాలా ఇళ్ళలో ఈ విషయం పెద్దావిడకు చెప్పకుండా కొడుకులూ కూతుళ్ళూ తమలోనే పెట్టుకుంటారు. దయచేసి అలా చేయొద్దు. మామోగ్రామ్ ఎందుకో, ఆ పరీక్షలన్నీ ఎందుకో ఆవిడకు తెలియాలి, బరువు తగ్గడం, అనుకోకుండా రక్తస్రావం లాంటివి ముందు తెలిసేది ఆవిడకే కదా.

రో-52 ఈ జబ్బుకే ప్రత్యేకమైంది కాదు, లూపస్‌లోనూ షోగ్రెన్ (కళ్ళు, నోరు ఎండిపోయే జబ్బు)లోనూ కూడా వస్తుంది. మయోసైటిస్‌లో వేరే యాంటీబాడీకి తోడుగా వస్తుంది, ముఖ్యంగా జో-1తో గానీ ఎండీఏ-5తో గానీ కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువ. అందుకే జో-1 నిజమా కాదా అని వాదించుకోవడం కంటే ఊపిరితిత్తులనే నేరుగా చూసేయడం తేలిక. ఎలాగూ ఛాతీ సీటీ తీస్తున్నారు, ఊపిరితిత్తులకు హెచ్‌ఆర్‌సీటీ (ఇంకా సూక్ష్మంగా చూపించే సీటీ) పద్ధతిలో కూడా తీయమని ముందే చెప్తే ఒకే విడతలో అయిపోతుంది. దాంతో పాటు ఊపిరితిత్తుల సామర్థ్యం పరీక్ష, డీఎల్‌సీవో (ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా వెళ్తోందో చూసే కొలత)తో సహా. నిజంగా జో-1 ఉన్నవాళ్ళు ఎలా ఉంటారంటే, పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కీళ్ళ వాపులు, చలికి వేళ్ళు తెల్లబడటం, వేళ్ళ పక్కన చర్మం మోటు పని చేసే చేతుల్లా పగుళ్ళు పట్టడం. ఇవి లేకపోగా సీటీ శుభ్రంగా ఉంటే ఆ ఒక్క ప్లస్ గురించి మర్చిపోండి. జో-1 కుటుంబంలోనే పీఎల్-7, పీఎల్-12, ఈజే, ఓజే అనే యాంటీబాడీలు కూడా ఉన్నాయి, పీఎల్-7, పీఎల్-12 వాళ్ళలో కండరం కంటే ఊపిరితిత్తులే ముందు దెబ్బతింటాయి.

మీ ప్రశ్న కాకపోయినా ఒకదాని గురించి చెప్పకుండా ఉండలేను, ఎండీఏ-5. 2005లో జపాన్‌లో దీన్ని మొదట గుర్తించారు, అది వైరస్‌లను కనిపెట్టే ఒక ప్రొటీన్‌కి వ్యతిరేకమైన యాంటీబాడీ అని 2009లో తేలింది. దీంట్లో చాలామందికి కండరాల బలహీనత దాదాపు ఉండదు, సీపీకే నార్మల్‌గానో, దానికి దగ్గరగానో ఉంటుంది, అందుకే ఎవరికీ మయోసైటిస్ అని తట్టదు. కణుపుల మీద, అరచేతి గీతల్లో నొప్పి పెట్టే చిన్న పొక్కులు, పుండ్లు, నోట్లో పూత, జుట్టు ఊడటం, జ్వరం, కీళ్ళ నొప్పులు, వీటితో చర్మం డాక్టర్ దగ్గరో జ్వరాల డాక్టర్ దగ్గరో తిరుగుతుంటారు. కొందరిలో ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పూర్తిగా దెబ్బతింటాయి. రక్తంలో ఫెరిటిన్ అనే ప్రొటీన్ బాగా పెరిగితే అది ఇంకా చెడ్డ సూచన. ఇలాంటి మనిషికి ఆయాసం రోజురోజుకీ పెరుగుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్టెరాయిడ్ ఒక్కటి ఇచ్చి చూద్దాం అనే తీరిక ఉండదు, మొదటి నుంచే రెండు మూడు మందులు కలిపి ఇస్తాం.

ఎంఐ-2 అయితే మచ్చలు కొట్టొచ్చినట్టు ఉంటాయి గానీ మందులకు బాగా లొంగుతుంది. ఎన్ఎక్స్‌పీ-2లో ఒళ్ళంతా నీరు పట్టడం, మింగలేకపోవడం, చర్మం కింద సున్నం గడ్డలు. ఎస్ఏఈ అనే ఇంకో యాంటీబాడీలో చర్మం ముందు, నెలల తర్వాత కండరం.

కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు కాబట్టి హెచ్‌ఎంజీసీఆర్ సంగతి కూడా తెలిసి ఉండాలి. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అడ్డుకునే ఎంజైమ్ ఇదే. కొద్దిమందిలో, లక్షమందిలో సుమారు ఇద్దరు ముగ్గురికి, ఈ ఎంజైమ్ మీద యాంటీబాడీలు తయారై కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 2010, 2011లలో దీన్ని తేల్చారు. మామూలుగా స్టాటిన్‌తో వచ్చే ఒళ్ళునొప్పులు మాత్ర ఆపితే తగ్గిపోతాయి. ఇది ఆపినా తగ్గదు, సీపీకే వేలల్లోనే ఉంటుంది, చర్మం మీద ఏమీ ఉండదు. చాలా ల్యాబుల ప్రొఫైల్‌లో ఇది ఉండదు కూడా, పేరు చెప్పి విడిగా అడగాలి. దీన్ని చదివి గుండెకోసం ఇచ్చిన స్టాటిన్‌ను సొంతంగా మానేయకండి, బలహీనత లేకపోతే మీకు దీనితో పనిలేదు.

మళ్ళీ అమ్మగారి దగ్గరికి. మీరు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని, మొదట లివర్ అనుకున్నారని రాశారు. ఇది మన దగ్గర రోజూ చూసే విషయం. ఆ రెండు ఎంజైములూ కండరంలో కూడా ఉంటాయి, కండరం దెబ్బతింటే రక్తంలో పెరుగుతాయి. బిలిరుబిన్, జీజీటీ నార్మల్‌గా ఉండి ఈ రెండే పెరిగితే, అందులోనూ మనిషి కింద నుంచి లేవలేకపోతుంటే, సీపీకే చేయించాలి. కామెర్లని పసరు మందు పోయించుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్ళని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అలాగే గుండెపోటు కోసం చూసే ట్రోపోనిన్-టీ కూడా ఈ కండరాల వల్లే పెరగొచ్చు. గుండె గురించి అనుమానం వస్తే ట్రోపోనిన్-ఐ, ఈసీజీ, ఎకో చూడాలి. చర్మం విషయంలోనూ అంతే. పుస్తకాల్లో ఎర్రగా, ఊదాగా ఉండే మచ్చ మన చామనఛాయ ఒంటి మీద నల్లగానే కనిపిస్తుంది, మంగు అనో, ఎండ అనో, జుట్టుకి వేసిన డై పడలేదనో అనుకుంటారు. కణుపుల మీద గట్టి మచ్చలు, గోళ్ళ మొదట్లో ఎర్రటి సన్న రక్తనాళాలు చూస్తే సందేహం తీరిపోతుంది. ఈ మచ్చలు స్పష్టంగా ఉంటే కండరం బయాప్సీ తప్పనిసరి కాదు, 2017 నాటి యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాల ప్రమాణాలు కూడా అందుకు ఒప్పుకుంటాయి.

మందులు మొదలైతే స్టెరాయిడ్ బరువును బట్టి ఎక్కువ మోతాదులో ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, తోడుగా మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫెనోలేట్‌లలో ఒకటి, అవసరమైతే ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), రిటుక్సిమాబ్. ఐవీఐజీ ఇవ్వడానికి ముందే అన్ని యాంటీబాడీ పరీక్షలకూ రక్తం తీయించండి, ఎందుకంటే అది వేలమంది దాతల యాంటీబాడీలు, ఎక్కించాక చేస్తే రిపోర్టు తికమకగా వస్తుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం, ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. స్టెరాయిడ్‌ను ఒంట్లో బాగుందని ఒక్కసారిగా ఆపొద్దు. మొదలుపెట్టే ముందే క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి. జబ్బు తగ్గుతోందా లేదా అని చూడటానికి సీపీకే, కండరాల బలం చాలు, ప్రతి విజిట్‌కీ ప్రొఫైల్ మళ్ళీ చేయించి డబ్బులు పోగొట్టుకోకండి, ప్లస్‌లు తగ్గాయా పెరిగాయా అన్నదాన్ని బట్టి మేం మందు మార్చం.

పడుకోబెట్టి పని చేయనివ్వకపోవడం కూడా మంచిది కాదు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో మొదలుపెట్టి చాలా పరిశోధనలు జరిగాయి, జబ్బు ఇంకా చురుగ్గా ఉన్నప్పుడు కూడా ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు మెల్లగా వ్యాయామం చేస్తే కండరం పాడవదు, బలం త్వరగా తిరిగి వస్తుంది. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, నిండు చేతుల జాకెట్టు, గొడుగు.

చివరగా, మింగడం గురించి మీరు ఏమీ రాయలేదు, ఈరోజే అమ్మగారిని అడగండి. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయా, అన్నం గొంతులో ఆగుతోందా, తింటుంటే దగ్గు వస్తోందా, గొంతు మారిందా. వీటిలో ఒక్కటి ఉన్నా పడుకోబెట్టి ఏమీ పెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టి మెత్తగా, కొంచెం చిక్కగా ఉన్నవి కొద్దికొద్దిగా ఇస్తూ రేపు ఉదయమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అప్పటికే జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే ఈ రాత్రికే.